ఆన్‌లైన్ టెస్ట్‌లో ఇచ్చిన రిఫరెన్స్ షీట్ పిల్లలకి ఓపెన్ అవ్వట్లేదా?

సమస్య: గూగుల్ ఫామ్‌లో టెస్ట్ పెట్టారు, పైన డిస్క్రిప్షన్‌లో అటామిక్ మాస్‌ల షీట్ డ్రైవ్ లింక్ ఇచ్చారు. టెస్ట్ మొదలైన రెండు నిమిషాలకే వాట్సాప్ గ్రూప్‌లో "సార్ ఓపెన్ అవ్వట్లేదు", "మేడమ్ రిక్వెస్ట్ యాక్సెస్ అంటోంది" అని వరసగా మెసేజ్‌లు. మీరు నొక్కితే మాత్రం చక్కగా ఓపెన్ అవుతుంది.

మీకు అవుతుంది, ఆ ఫైల్ మీదే కదా. దయచేసి టెస్ట్ ముందు రోజు ఆ లింక్‌ని ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజర్‌లో మీ అకౌంట్ లాగిన్ అయి ఉండని విండోలో) ఒక్కసారి ఓపెన్ చేసి చూడండి, ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పని ఎవరూ చేయరు. లాగిన్ అడిగితే షేరింగ్‌లో జనరల్ యాక్సెస్ దగ్గర "రిస్ట్రిక్టెడ్" అనో, మీ స్కూల్ పేరో ఉంటుంది. దాన్ని "ఎనీవన్ విత్ ద లింక్", వ్యూయర్‌కి మార్చండి. నిన్న గూగుల్ క్లాస్‌రూమ్‌లో అదే ఫైల్ అందరికీ ఓపెన్ అయింది కదా అంటారు. క్లాస్‌రూమ్‌లో అటాచ్ చేస్తే ఆ క్లాస్ పిల్లలకి అదే షేర్ అయిపోతుంది, ఫామ్‌లో పేస్ట్ చేసిన లింక్‌కి అలా జరగదు. పోయినేడాది ఫైల్‌కి మేక్ ఎ కాపీ కొట్టి వాడినా అంతే, పాత ఫైల్‌కి ఇచ్చిన లింక్ షేరింగ్ కొత్త కాపీకి రాదు.

ఇక నన్ను బాగా దెబ్బకొట్టింది వేరే. స్కూల్ ఐడీలందరికీ షేర్ చేశాను, పిల్లలంతా స్కూల్ ఐడీతోనే ఫామ్ తెరిచారు, అయినా సగం మందికి రాలేదు. మెయిల్ తెరిస్తే యాక్సెస్ రిక్వెస్ట్‌లు కుప్పగా ఉన్నాయి, పేర్లు చూస్తే ఒక్కటీ పిల్లలది కాదు, అన్నీ వాళ్ళ నాన్నలవి, అమ్మలవి! అప్పుడు అర్థమైంది. ఫోన్ ఇంట్లోవాళ్ళది, ఫామ్ క్రోమ్‌లో స్కూల్ ఐడీతో ఓపెన్ అయింది గానీ లింక్ నొక్కగానే డ్రైవ్ యాప్‌లోకి వెళ్ళిపోయింది, అక్కడ ఉన్నది నాన్న జీమెయిల్. 117 గ్రాముల ఉప్పులో ఎన్ని మోల్స్ అన్న ప్రశ్నకి సోడియం 23, క్లోరిన్ 35.5 అని చూసుకుంటే 58.5తో భాగించి 2 అని రాసేస్తారు, లెక్క వచ్చిన పిల్లలు కూడా షీట్ కనపడక వదిలేశారు. నాకు చాలా బాధేసింది, ఆ ప్రశ్నకి అందరికీ మార్కులు కలిపాను.

అప్పటికప్పుడైతే డ్రైవ్ యాప్‌లో కుడివైపు పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి స్కూల్ ఐడీకి మారమనండి. రిక్వెస్ట్‌లు ఒక్కొక్కటే అప్రూవ్ చేస్తూ కూర్చోకండి, 30 నిమిషాల టెస్ట్‌లో అది తెమిలే పని కాదు.

అసలు పరిష్కారం, లింకే వద్దు. షీట్‌ని ఇమేజ్‌గా ఫామ్‌లోనే, ఆ ప్రశ్న పైనే పెట్టేయండి. పేజీ మొత్తం ఒకే ఇమేజ్‌గా పెడితే ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, అందుకని ఆ ప్రశ్నకి కావలసిన నాలుగైదు వరసలే కత్తిరించి పెట్టండి. బయటివాళ్ళకి షేర్ చేయడాన్ని మీ స్కూల్ అడ్మిన్ ఆపేసి ఉంటే "ఎనీవన్" అనేదే కనిపించదు, అప్పుడూ ఇదే దారి. స్కూల్ క్రోమ్‌బుక్‌లలో లాక్డ్ మోడ్ పెట్టినా వేరే ట్యాబ్ తెరుచుకోదు కాబట్టి అక్కడా ఇమేజే.

నెట్ స్లో, పీడీఎఫ్ పెద్దది, ఫోన్ పాతది, ఇవీ ఉంటాయి గానీ తక్కువ. రిక్వెస్ట్ యాక్సెస్ అని వచ్చిందంటే మాత్రం నెట్ జోలికి పోకండి, అది షేరింగ్ గొడవో, అకౌంట్ గొడవో అయి ఉంటుంది.