కచ్చితమైన ముద్రణ యంత్రాలు: స్వయంబోధన, 4వ పాఠం – టేబుల్‌కు ఏ పదార్థం? వేడి ఎటు పోతుందో చూసి తేల్చండి

గత పాఠంలో ఇంకు చిమ్మే నాజిల్ (సన్నని రంధ్రం) నుంచి చుక్క, షీట్ పరిచే టేబుల్ మీదికి చేరే కాలాన్ని లెక్కవేశాం. ఆ లెక్కే ఈ పాఠానికి మొదటి మెట్టు. చుక్క వేగం సెకనుకు 6 మీటర్లు, నాజిళ్లున్న హెడ్ వేగం సెకనుకు 1 మీటరు అనుకోండి. టేబుల్ ఒకచోట 0.1 మి.మీ. పల్లంగా ఉంటే చుక్కకు అక్కడ దాదాపు 17 మైక్రోసెకన్లు ఎక్కువ పడుతుంది. ఆ లోపు హెడ్ 17 మైక్రాన్లు ముందుకు వెళ్లిపోతుంది. హెడ్ వెనక్కి వచ్చే తిరుగు పాస్‌లో అదే తప్పు ఎదురు దిశలో వస్తుంది. అంటే ఒకే గీత రెండు గీతలుగా, 33 మైక్రాన్ల ఎడంతో పడుతుంది. 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 21 మైక్రాన్లే.

కాబట్టి టేబుల్ నుంచి మనకు కావలసినవి రెండు: చదునుగా ఉండడం, పొడవు మారకపోవడం. పొడవు మారితే దిద్దుకోవచ్చు. షీట్ మీది గుర్తులను కెమెరా చదివి స్కేలింగ్ సరిచేస్తుంది, ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటే కంట్రోలర్ కూడా ఆ పని చేస్తుంది. వంపు అలా కుదరదు. టేబుల్ మధ్యలో ఒకలా, అంచుల్లో ఇంకోలా ఉండి, అది కూడా గంటగంటకూ మారుతుంటే సాఫ్ట్‌వేర్ చేయగలిగేది చాలా తక్కువ. అందుకే ఎంపికలో వంపు లెక్క ముందు, పొడవు లెక్క తర్వాత.

అందరూ చూసే అంకె, చూడవలసిన అంకె

కేటలాగులో మొదట కనిపించేది వ్యాకోచ గుణకం. మీటరు పొడవుకు, ఒక్కో డిగ్రీకి గ్రానైట్ సుమారు 6 మైక్రాన్లు పెరుగుతుంది, పోత ఇనుము 10.5, ఉక్కు 12, అల్యూమినియం 23. ఈ వరస చూడగానే గ్రానైటే మేలన్న నిర్ణయానికి వచ్చేస్తారు. గది ఉష్ణోగ్రత నిలకడగా ఉండి, యంత్రంలో పెద్ద వేడి పుట్టకపోతే ఆ నిర్ణయం సరైనదే.

ఇంకును గట్టిపరిచే యూవీ (అతినీలలోహిత) దీపాలున్న యంత్రంలో సంగతి వేరు. వేడి పైనుంచి టేబుల్‌లోకి దిగుతుంది. పైభాగం వెచ్చగా, కిందిభాగం చల్లగా ఉంటే పైభాగం ఎక్కువ సాగి, టేబుల్ మధ్యలో పైకి ఉబ్బుతుంది. ఉబ్బు ఎత్తు కట్టడానికి ఈ సూత్రం గుర్తుంచుకోండి: వ్యాకోచ గుణకాన్ని పైకిందల ఉష్ణోగ్రతల తేడాతోనూ, పొడవు వర్గంతోనూ గుణించి, మందానికి 8 రెట్లతో భాగించాలి. 1000 మి.మీ. పొడవు, 150 మి.మీ. మందం ఉన్న గ్రానైట్‌లో 1 డిగ్రీ తేడాకు వచ్చేది 5 మైక్రాన్లు.

మరి ఆ తేడా ఎన్ని డిగ్రీలు? దాన్ని నిర్ణయించేది ఉష్ణవాహకత. గ్రానైట్‌ది సుమారు 3, పోత ఇనుముది 50, సాధారణ అల్యూమినియం మిశ్రమాలది 160 ప్రాంతం. ఇవి మీటరుకు, డిగ్రీకి వాట్లలో. చదరపు మీటరుకు 100 వాట్ల వేడి టేబుల్ మందాన్ని దాటి కిందికి పోతోందనుకోండి. 150 మి.మీ. గ్రానైట్‌లో పైకిందల తేడా 5 డిగ్రీలకు చేరుతుంది. ఉబ్బు 25 మైక్రాన్లు. అదే వేడికి, అదే పొడవుకు పోత ఇనుములో ఉబ్బు 2.6 మైక్రాన్లు, అల్యూమినియంలో 1.8.

వరస పూర్తిగా తిరగబడింది. వంపు విషయంలో చూడవలసిన అంకె వ్యాకోచ గుణకాన్ని ఉష్ణవాహకతతో భాగిస్తే వచ్చేది. గ్రానైట్‌కు అది 2, పోత ఇనుముకు 0.21, అల్యూమినియంకు 0.14.

ఇంకొక సంగతి ఇక్కడే పట్టుకోండి. వేడి ప్రవాహం అంతే ఉంటే టేబుల్ మందం పెంచినా ఈ ఉబ్బు తగ్గదు. మందం రెట్టింపు చేస్తే పైకిందల తేడా కూడా రెట్టింపవుతుంది, రెండూ కొట్టుకుపోతాయి. "ఇంకాస్త మందంగా తెప్పిద్దాం" అన్న మాట బరువు మోయడానికి పనికొస్తుంది, వేడికి పనికిరాదు.

గ్రానైట్‌కు మరో స్వభావం ఉంది: నెమ్మది. 150 మి.మీ. రాయిలో పైనుంచి కిందికి ఉష్ణోగ్రత సర్దుకోవడానికి గంటలు పడుతుంది. అదే మందం పోత ఇనుముకు అరగంట సరిపోతుంది. పొద్దున దీపాలు వెలిగించి, పది నిమిషాల్లో క్యాలిబ్రేషన్ చేసి, మధ్యాహ్నానికి గీతలు రెండుగా పడుతున్నాయంటే కారణం చాలాసార్లు ఇదే.

గ్రానైట్‌ను ఎక్కడ, ఎలా వాడాలి

ఇంత చెప్పాక గ్రానైట్‌ను పక్కన పెట్టమని అర్థం కాదు. గ్యాంట్రీ (టేబుల్‌కు అడ్డంగా హెడ్‌ను మోసే వంతెన) కదిలే యంత్రానికి పునాదిగా, ఎయిర్ బేరింగ్ (సన్నని గాలి పొర మీద తేలే ఆధారం) నడిచే తలంగా అది అద్భుతమైన పదార్థం. తుప్పు పట్టదు, లోపల అణగి ఉన్న ఒత్తిడి దాదాపు ఉండదు, దెబ్బ తగిలితే చిన్న పెళ్లు ఊడుతుందే గాని ఇనుములా అంచు పైకి లేవదు. దాన్ని వేడి తగలని చోట పెట్టడం మన బాధ్యత.

కొనేటప్పుడు "చాలా చదునుగా ఉండాలి" అని రాయకండి, గ్రేడ్ రాయండి. జర్మన్ ప్రమాణం డీఐఎన్ 876 ప్రకారం గ్రేడ్ 0 అంటే అనుమతించే తేడా 4 మైక్రాన్లు, దాన్ని (1 + మీటర్లలో పొడవు)తో గుణించాలి. మీటరు రాయికి 8 మైక్రాన్లు. గ్రేడ్ 00 అయితే అందులో సగం. మూడు ఆధారాల మీదే నిలబెట్టండి: చివరల నుంచి పొడవులో సుమారు 22 శాతం లోపలికి, ఒక పక్క రెండు, ఇంకో పక్క ఒకటి. నాలుగో కాలు పెడితే నేల కదిలినప్పుడల్లా రాయి మెలి తిరుగుతుంది. బరువు ఒరిగిపోతుందని భయమైతే నాలుగోది రాయికి తగలకుండా, చిన్న సందుతో, కేవలం భద్రత కోసం ఉంచండి.

బోల్టులు పట్టేందుకు రాతిలో లోహపు ఇన్సర్ట్‌లను ఎపాక్సీతో అతికిస్తారు. ఇన్సర్ట్ పైఅంచు రాతి ఉపరితలం కంటే కాస్త కిందే ఉండాలి. సమంగా ఉంటే బోల్టు బిగించినప్పుడు అది పైకి లాగి, బిగించిన పట్టాను (గైడ్ రైలును) ఎత్తేస్తుంది. దీన్ని పరీక్షించడం తేలిక: ఒక మైక్రాన్ డయల్ గేజ్‌ను బోల్టు పక్కన 20 మి.మీ. దూరంలో పెట్టి, టార్క్ రెంచ్‌తో మెల్లగా బిగించండి. ముల్లు ఒకటి రెండు మైక్రాన్ల లోపే ఆగితే సరే. బిగించేకొద్దీ కదులుతూనే ఉంటే ఇన్సర్ట్ పట్టు వదులుతోంది, లేదా పట్టా కింద మట్టి రేణువు ఉంది. ముందు రేణువు సంగతి చూడండి.

రాతిని నీళ్లతో కడిగి వెంటనే కొలవకండి. గ్రానైట్ తేమ పీల్చుకుంటుంది. ఒక్క పైముఖమే తడిస్తే అటువైపు ఉబ్బుతుంది.

అల్యూమినియం పైపలక: వాక్యూమ్, బిగింపు

షీట్‌ను పట్టి ఉంచే వాక్యూమ్ పలకకు వేలకొద్దీ రంధ్రాలు కావాలి. రాతిలో అది ఖరీదైన పని, అల్యూమినియంలో సులువు. రోలర్ల మధ్య నొక్కి చేసిన (రోల్డ్) పలక కొని ఒక పక్క మిల్లింగ్ చేస్తే లోపలి ఒత్తిడి విడుదలై పలక వంగుతుంది. ఒత్తిడి తీసేసిన పోత టూలింగ్ ప్లేట్ తీసుకోండి. రెండు ముఖాలనూ మార్చి మార్చి, కొద్దికొద్దిగా చెక్కించండి.

వాక్యూమ్ బలాన్ని తక్కువ అంచనా వేయకండి. 20 కిలోపాస్కల్ అంటే చదరపు మీటరు మీద రెండు టన్నుల బరువు. ఆ బలం రిబ్బుల (పలకను కింద మోసే పట్టీల) మధ్య పలకను కిందికి నొక్కుతుంది. 6 మి.మీ. అల్యూమినియం పలక, రిబ్బుల మధ్య 100 మి.మీ. ఎడం ఉండి, అంచులు గట్టిగా పట్టి ఉంటే కుంగేది 4 మైక్రాన్ల లోపే. ఎడం 200 మి.మీ. చేస్తే కుంగుబాటు 16 రెట్లై దాదాపు 60 మైక్రాన్లకు చేరుతుంది. రిబ్బులు దగ్గర చేయడం పలక మందం పెంచడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. ఎడం సగం చేస్తే 16 రెట్లు, మందం రెట్టింపు చేస్తే 8 రెట్లే లాభం.

ఇక అసలు ఇబ్బంది పడేది బిగింపు దగ్గర. అల్యూమినియం పలకను ఉక్కు ఫ్రేముకు చుట్టూ బోల్టులతో బిగించారనుకోండి. వ్యాకోచాల తేడా మీటరుకు, డిగ్రీకి 11 మైక్రాన్లు. రెండూ 5 డిగ్రీలు వేడెక్కితే 55 మైక్రాన్లు ఎటూ పోలేక పలక ఉబ్బుతుంది. పద్ధతి ఇది: ఒక మూల గుండ్రటి డోవెల్ (స్థానం నిలిపే పిన్ను), అక్కడ పలక కదలదు. ఆ అంచు వెంబడే రెండో చివర పొడవాటి గాడిలో డోవెల్, అది ఒక దిశలో జారుతుంది. మిగతా బోల్టులన్నీ పెద్ద రంధ్రాల్లో, స్ప్రింగ్ వాషర్లతో, జారనిచ్చేంత బిగింపుతో. మొదటి డోవెల్‌ను షీట్ ఆనే మూలలోనే పెట్టండి, అప్పుడు ముద్రణ మొదలయ్యే చోటు స్థిరంగా ఉంటుంది.

ఉపరితలానికి నల్లటి హార్డ్ ఆనోడైజింగ్ (విద్యుత్తుతో పెంచే గట్టి ఆక్సైడ్ పూత) చేయించండి. మెరిసే అల్యూమినియం యూవీ కాంతిని హెడ్‌ల వైపు తిప్పికొడుతుంది, నాజిల్లోనే ఇంకు గట్టిపడుతుంది. పూత 50 మైక్రాన్లయితే అందులో దాదాపు సగం మీదికి పెరుగుతుంది కాబట్టి డోవెల్ రంధ్రాలకు పూత ఎక్కకుండా ముందే మూసి ఉంచాలి.

యూవీ ఫ్లాట్‌బెడ్‌కు మేం సూచించే కూర్పు ఇదీ: కింద గ్రానైట్ లేదా ఒత్తిడి తీసిన ఉక్కు ఫ్రేము, దాని మీద చిన్న దిమ్మల ఆధారంగా గాలి సందు, ఆ పైన అల్యూమినియం వాక్యూమ్ పలక. వేడి పలకలోనే పక్కలకు పరుచుకుని పోతుంది, పునాదికి చేరేది తక్కువ.

మిగతా పదార్థాల గురించి క్లుప్తంగా. పోత ఇనుము కంపనాలను బాగా అణుస్తుంది, వేడికి నిలుస్తుంది. బరువు, తుప్పు దాని లోపాలు. పోత పోశాక 500–600 డిగ్రీల మధ్య ఒత్తిడి తీయించకుండా చెక్కిస్తే నెలల తర్వాత కూడా కదులుతుంది. ఎపాక్సీ, రాతిపొడి కలిపి పోసే మినరల్ కాస్టింగ్ కంపనాలను పోత ఇనుము కంటే ఎన్నో రెట్లు మెరుగ్గా అణుస్తుంది కానీ ఉష్ణవాహకతలో గ్రానైట్ తీరే, కాబట్టి అదీ పునాదికే. టేబుల్ వేగంగా కదిలే యంత్రంలో బరువుకు తగిన గట్టిదనం చూడాలి. ఆ లెక్కలో అల్యూమినియం, ఉక్కు, గ్రానైట్ దాదాపు ఒకటే, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ సిరామిక్) దానికి మూడు రెట్లకు పైన. ధర భరించగల చిన్న టేబుళ్లకే అది.

ఈ వారం అభ్యాసం

మీ దగ్గరున్న యంత్రం టేబుల్‌ను రాత్రంతా ఆపి ఉంచాక, హెడ్‌ను మోసే క్యారేజీకి డయల్ గేజ్ కట్టి, వాక్యూమ్ లేకుండా 100 మి.మీ. గడులుగా కొలవండి. తర్వాత వాక్యూమ్ పెట్టి ఒకసారి, దీపాలు రెండు గంటలు నడిపి ఆర్పాక వెంటనే ఇంకోసారి. మొదటి కొలతను రెండో మూడో కొలతల నుంచి తీసేసి చూడండి. క్యారేజీ పట్టాల వంపు అందులో చాలావరకు కొట్టుకుపోతుంది.

వాక్యూమ్‌తోనే, రిబ్బుల ఎడానికి సరిపోయేలా పల్లాలు కనిపిస్తే పలక కుంగుతోంది. వేడెక్కాక మధ్య లేస్తే వేడి పైనుంచి వస్తోంది. మధ్య దిగితే కింద వేడి పుడుతోంది, వాక్యూమ్ లాగే బ్లోయర్ గాలి ఎటు వదులుతోందో చూడండి. ఎదురెదురు మూలలు జంటగా లేచి, మిగతా జంట దిగితే పదార్థాన్ని తప్పుపట్టకండి, ఆధారాలు మెలిపెడుతున్నాయి. ఆ మెలిని తీసే క్రమం 5వ పాఠంలో వస్తుంది, ఈ కొలతల కాగితం అప్పటిదాకా దాచి ఉంచండి.