ఆర్‌సీ కారు బ్యాటరీ ప్యాక్ కట్టేవాళ్లకు ఒక మాట

ఆర్‌సీ కారుకు, అంటే రిమోట్‌తో నడిచే బొమ్మ కారుకు, నికెల్ మెటల్ హైడ్రైడ్ (మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే రకం) సెల్స్ కలిపి ప్యాక్ సొంతంగా కట్టుకునేవాళ్లు చాలామంది ఇంట్లో ఉన్న 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తోనే మొదలుపెడతారు, నేనూ అంతే. చిన్నదైతే సెల్‌కు వేడి తక్కువ తగులుతుందని అనుకుంటాం గానీ జరిగేది దానికి తలకిందులు: సెల్ డబ్బా వేడినంతా లాగేసుకుంటుంది, లెడ్ (అతికించే సోల్డర్) సరిగ్గా కరగదు, మనం అదిమి పట్టుకునే కూర్చుంటాం, ఈలోగా వేడి లోపలిదాకా పోతుంది. అలా రెండు సెల్స్ పోగొట్టుకున్నా.

60 నుంచి 80 వాట్లది, వెడల్పు బిట్ (ఐరన్ మొన) ఉన్నది తీసుకోండి. సెల్ కొసల్ని ఉప్పు కాగితంతో గరుకుగా రుద్ది, కాస్త ఫ్లక్స్ (లెడ్ బాగా పట్టేలా చేసే పేస్టు) రాసి, ముందు సెల్‌కూ వైరుకూ విడివిడిగా లెడ్ పట్టించి పెట్టుకుంటే, తర్వాత రెండూ కలిపినప్పుడు రెండు మూడు సెకన్లలో అతుక్కుంటాయి. అతుక్కోలేదా, ఐరన్ తీసేయండి, సెల్ చల్లారాకే మళ్లీ. ప్లస్ వైపు ఇంకా జాగ్రత్త, గ్యాస్ బయటికి పోయే వాల్వ్ ఉండేది అక్కడే.

మన అనంతపురం ఎండలకు ఫ్యాను లేకుండా కూర్చోవడం నరకమే, కానీ ఆ గాలికి బిట్ చల్లబడిపోతుంది, కాబట్టి అతికేంతసేపు ఆపేసి, పొగ పోవడానికి కిటికీ తెరుచుకోండి.

ప్యాక్‌కున్న పాత ప్లగ్ తీసేటప్పుడు రెండు వైర్లూ ఒకేసారి కత్తిరించొద్దు, కటింగ్ ప్లేయరే రెండింటినీ కలిపి షార్ట్ చేసేస్తుంది. ఆరు సెల్స్ అంటే 7.2 వోల్టులే కదా అనుకుంటారేమో, షార్ట్ అయితే వైరు తోలు కరిగి చెయ్యి కాలుతుంది. లిథియం సెల్స్ మీద మాత్రం నేరుగా ఐరన్ పెట్టొద్దు, వాటికి నికెల్ పట్టీతో స్పాట్ వెల్డింగే (కరెంటుతో ఒక్క క్షణంలో అతికించడం).