ఎర్ర నీటి దెబ్బ నుంచి తీరం కోలుకుంటున్నప్పుడు గాలం ఎలా వేయాలి?

గుంటూరులో ఉండే మాకు సముద్రం అంటే సూర్యలంక, లేదంటే నిజాంపట్నం. బాపట్ల మీదుగా సూర్యలంక 60 కిలోమీటర్లు అటూఇటూ. ఆదివారం పొద్దున్నే బండి తీస్తే ఎండ ముదిరేలోపు నీళ్ల పక్కన ఉంటాం. మా తమ్ముడు ఫ్లోరిడాలో, టాంపాలో ఉంటాడు. వాడికీ గాలం పిచ్చే. 2021 వేసవిలో వాడు వీడియో కాల్ చేసి వాళ్ల అఖాతం చూపించాడు. ఒడ్డు పొడుగునా చచ్చిన చేపలు. రెడ్ టైడ్ వచ్చిందన్నాడు, అంటే కొన్ని సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి నీటి రంగు మార్చి, చేపల్ని చంపే ఎర్ర నీరు. అది తగ్గాక వాడు అడిగిన మొదటి ప్రశ్న ఇదే: "అన్నయ్యా, మళ్లీ ఎప్పుడు గాలం వేయొచ్చు? వేస్తే ఎలా వేయాలి?"

ఆ ప్రశ్న పట్టుకుని అక్కడి లెక్కలు చదివాను, ఇక్కడ రొయ్యల చెరువుల దగ్గర తెలిసినవాళ్లని అడిగాను, మన పాయల్లో చేసి చూశాను. ఆ పద్ధతి రాస్తున్నాను. ఇది ఎక్కువ చేపలు పట్టే పద్ధతి కాదు. దెబ్బ తిన్న నీటిలో మిగిలిన చేపంతా విత్తనం కింద లెక్క. ఇంట్లో ఉన్న విత్తనాల బస్తా వండుకుని తింటే వచ్చే ఏడు పొలంలో ఏం చల్లుతాం?

ముందు, అది నిజంగా రెడ్ టైడేనా?

మన దగ్గర ఎర్ర నీళ్లన్నీ రెడ్ టైడ్ కాదు. ఆగస్టు, సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే కృష్ణ ఒండ్రుమట్టి అంతా సముద్రంలోకి వస్తుంది. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. అలాంటి వరద తర్వాత మొగ దగ్గర, అంటే నీళ్లు సముద్రంలో కలిసే చోట, ఎర్రగా ఉండటం మామూలే.

తేడా తెలుసుకోవడానికి ఖాళీ మంచినీళ్ల సీసా చాలు. సీసా నిండా నీళ్లు పట్టి, అరగంట నీడలో కదపకుండా పెట్టండి. మట్టి అయితే మెల్లగా అడుక్కి దిగుతుంది. మన దేశ తీరంలో తరచుగా కనిపించే నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి అయితే సగ్గుబియ్యం కంటే చిన్న చుక్కలుగా పైకి తేలుతుంది, కంటికే కనిపిస్తుంది. రాత్రిపూట అల విరిగినప్పుడు నీలంగా మెరిసేది కూడా అదే. 2019 ఆగస్టులో చెన్నై బీచ్‌లలో జనం గుంపులుగా వెళ్లి చూసిన మెరుపు దానిదే. నీటి మీద రంపపు పొట్టు చల్లినట్టు చారలు కనిపిస్తే అది ట్రైకోడెస్మియం అనే మరో రకం. మన వైపు ఎండాకాలంలో ఎక్కువ.

టాంపాలో వచ్చేది వేరు. దాని పేరు కరీనియా బ్రెవిస్. కంటికి కనిపించదు, స్వయంగా విషం తయారు చేస్తుంది. అక్కడ లీటరు నీటిలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెడతారు. లక్ష దాటితే చేపలు చచ్చే అవకాశం ఎక్కువ. ఆ విషం అలల తుంపరతో గాలిలోకి లేచి దగ్గు, కళ్ల మంట తెస్తుంది. మన నాక్టిల్యూకా అలాంటి విషం చేయదు. కానీ ఒంట్లో అమ్మోనియా దాచుకుంటుంది, గుంపుగా చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ని లాగేస్తుంది. చేప ఊపిరాడక చస్తుంది. కారణం ఏదైనా ఒడ్డున నిలబడ్డప్పుడు గొంతులో గరగర, దగ్గు వస్తే ఆ రోజుకి ఇంటికి వచ్చేయండి. ఆస్తమా ఉన్నవాళ్లు అసలు వెళ్లొద్దు.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో సముద్రంలో ఇలాంటి నాచు విరబూసే చోట్ల సమాచారం ఇస్తుంది. పోటు సమయాలు, పెద్ద అలల హెచ్చరికలు కూడా వాళ్ల సైట్‌లోనే దొరుకుతాయి. బయల్దేరే ముందు రాత్రి అది చూడటం అలవాటు చేసుకోండి.

ఆక్సిజన్ కొలవండి

ఈ ఒక్క పని వల్ల నా గాలం పద్ధతే మారిపోయింది. బాపట్ల, రేపల్లె వైపు రొయ్యల మేత, మందులు అమ్మే షాపుల్లో నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే చిన్న కిట్ దొరుకుతుంది. చుక్కలు వేసి రంగు చూసి చెప్పే రకం. చెరువు రైతులందరికీ దీని పేరు డీవో కిట్. ఉప్పదనం కొలిచే గొట్టం కూడా అక్కడే ఉంటుంది, కానీ అది లేకపోయినా పర్వాలేదు. డీవో కిట్ మాత్రం కొనండి.

లీటరుకి 2 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆ నీటిలో చేప బతకడమే కష్టం. 3 దగ్గర ఉంటే బతుకుతుంది కానీ ఒంట్లో సత్తువ ఉండదు, గాలానికి తగిలి పెనుగులాడితే వదిలినా చస్తుంది. 4 దాటితేనే రాడ్ విప్పాలని నేను నియమం పెట్టుకున్నాను. నీటి పైన కాదు, సీసాకి రాయి కట్టి నడుము లోతు దాకా దింపి అక్కడి నీళ్లు తీసి కొలవండి. ఆక్సిజన్ తగ్గేది ముందు అడుగునే.

ఇక్కడ ఒక పాత అలవాటు మానుకోవాలి. తెల్లవారుజామున చేప బాగా పడుతుందని మనందరికీ తెలుసు. కానీ రాత్రంతా నీటిలోని నాచు కూడా ఊపిరి పీలుస్తుంది, ఎండ ఉండదు కాబట్టి ఆక్సిజన్ తయారు కాదు. తెల్లవారేసరికి ఆక్సిజన్ అడుగంటుతుంది. చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు రాత్రిళ్లు ఎందుకు తిప్పుతారో రైతులని అడిగితే ఇదే చెబుతారు. అందుకే కోలుకుంటున్న నీటిలో నేను పొద్దున తొమ్మిది తర్వాతే గాలం వేస్తాను. ఎండ బాగా ఉండి, పోటు లోపలికి వస్తున్న సమయం అయితే ఇంకా మంచిది.

పోటు చూసుకోండి, చోటు ఎంచుకోండి

పోటుకి పంచాంగం సరిపోతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు నీళ్లు బలంగా కదులుతాయి. అష్టమి చుట్టుపక్కల మందంగా ఉంటాయి. మామూలు రోజుల్లో ఎలా ఉన్నా, కోలుకుంటున్న పాయలో నిలవ నీరు ప్రమాదం. బయటి సముద్రం నుంచి తాజా నీళ్లు తోసుకొచ్చే రోజే వెళ్లండి.

చోటు విషయంలో నా లెక్క సులువు: పాయ మొగ దగ్గర మొదలుపెట్టి, పోటుతో పాటు లోపలికి నడవాలి. మడ చెట్ల వేళ్ల అంచు, రెండు పాయలు కలిసే మూల, వంతెన స్తంభాల వెనక నీడ, ఇవి చూడండి. చివర మూసుకుపోయిన పిల్ల కాలువలు, చెరువుల మురుగు వదిలే తూముల పక్క మాత్రం వదిలేయండి. అక్కడ అన్నిటికంటే ఆలస్యంగా కోలుకుంటుంది.

కృష్ణ మొగ దగ్గర మడ అడవుల్లో చాలా భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. బావురు పిల్లి తిరిగే చోటు అది. అనుమతి లేకుండా గాలం పట్టుకుని లోపలికి వెళ్లకూడదు. సూర్యలంకలో అయితే అలల్లోకి దిగి విసరాలని అనుకోవద్దు. ఆ తీరం ప్రాణాలు తీసుకున్న రోజులు చాలా ఉన్నాయి. మోకాలు దాటకుండా నిలబడండి. బురద నీటిలో అడుగు ఎత్తి వేయకుండా పాదం ఈడ్చుకుంటూ నడవండి, అడుగున టేకు చేప ఉంటే కదిలి పక్కకి పోతుంది. దాని ముల్లుగానీ జెల్ల ముల్లుగానీ దిగితే, ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఆ చోటు ముంచి ఉంచి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పది నిమిషాలు ఊరికే నిలబడండి

రాడ్ విప్పకుండా చూడండి. చిన్న కొయ్యింగలు గుంపుగా గెంతుతున్నాయా? లకుముకి పిట్ట మునిగి లేచినప్పుడు నోట్లో ఏమైనా ఉందా? బురద గట్టు మీద కొత్త పీత బొరియలు కనిపిస్తున్నాయా? ఇవన్నీ ఉంటే పాయ ఊపిరి తీసుకుంటున్నట్టే. చిన్న చేప తిరిగొచ్చిన కొన్నాళ్లకి పెద్ద చేప వస్తుంది, ఆ వరస తలకిందులు కాదు.

మరో రకం గుర్తులు కూడా ఉంటాయి. పీతలు నీళ్లలోంచి బయటికెక్కి వేళ్లని పట్టుకుని కూర్చున్నా, చేపలు పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా వెనక్కి తిరగండి. అలాంటప్పుడు గాలం వేస్తే చేప పడుతుంది కూడా, ఎందుకంటే అది పారిపోలేదు. చేతకాని చేపని పట్టడం నాకు ఇష్టం ఉండదు, మీకూ ఉండదనే అనుకుంటున్నాను.

సామాను, ఎర

ఏడెనిమిది అడుగుల మీడియం రాడ్, 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన) దారం, చివర గాలం కట్టే చోట రెండు మూడు అడుగులు 30 పౌండ్ల గట్టి దారం, దాన్నే లీడర్ అంటారు. పండుగప్ప మొప్పల మూత బ్లేడులా ఉంటుంది, సన్నని దారాన్ని తెంపేస్తుంది. సన్న దారంతో అరగంట ఆడించి గెలవడం మామూలు రోజుల్లో సరదా. ఇప్పుడు వద్దు. చేపని ఎంత తొందరగా ఒడ్డుకి తెస్తే అంత మంచిది.

గాలం మాత్రం సర్కిల్ హుక్ వాడండి. దాని మొన లోపలికి తిరిగి ఉంటుంది కాబట్టి కడుపులో గుచ్చుకోకుండా మూతి మూలకి వచ్చి తగులుతుంది. కటింగ్ ప్లయర్‌తో ఎదురు ముల్లు నొక్కేయండి. మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది: బెండు మునగ్గానే రాడ్ ఒక్కసారిగా గుంజడం. సర్కిల్ హుక్‌తో అలా గుంజితే చేప పోతుంది. బెండు మునిగి దారం బిగిసే దాకా ఆగి, రీలు మెల్లగా తిప్పండి. నాకు ఇది అలవాటవడానికి మూడు నాలుగు ట్రిప్పులు పట్టింది.

ఎరకి ఆ పాయలోని రొయ్యే మేలు, తోక దగ్గర గుచ్చితే చాలాసేపు బతికి ఉంటుంది. చెరువు రొయ్య తీసుకెళ్లవద్దు. వైట్ స్పాట్ లాంటి వైరస్ ఉన్న రొయ్యని ఎరగా వేస్తే ఆ జబ్బు పాయలో రొయ్యలకీ పీతలకీ అంటుకోవచ్చు. ఇప్పటికే దెబ్బ తిన్న పాయకి మన చేత్తో ఇంకో జబ్బు ఇవ్వడమెందుకు?

పడిన చేపని ఏం చేయాలి?

పండుగప్ప మగదిగా మొదలై, కొన్నేళ్లకి ఆడదిగా మారుతుంది. ఆరేడేళ్ల వయసు దాటి, మీటరుకి దగ్గరగా పెరిగిన చేప దాదాపు ఎప్పుడూ ఆడదే. ఫొటోకి బాగుంటుందని మనం మోసుకొచ్చే పెద్ద చేపలన్నీ తల్లులే అన్నమాట. హేచరీల వాళ్లు గుడ్లు పెట్టే రొయ్యని తల్లి రొయ్య అంటారు. దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో చూసినవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది. చాలా ఏళ్ల క్రితం నిజాంపట్నం వైపు పాయలో ఒక పెద్ద పండుగప్ప పట్టి, ఇంటికి తెచ్చి కోస్తే కడుపు నిండా గుడ్లు. వీధిలో పది ఇళ్లకి పంచాం. ఆ గుడ్ల సంచి ఇప్పటికీ నా కళ్ల ముందుంటుంది.

టాంపాలో మా తమ్ముడు పట్టే స్నూక్ కూడా ఇలాగే మగ నుంచి ఆడకి మారే చేపే. అక్కడి పడమటి తీరంలో మామూలు రోజుల్లోనే 28 నుంచి 33 అంగుళాల మధ్య ఉన్న స్నూక్‌ని మాత్రమే ఇంటికి తీసుకెళ్లనిస్తారు. చిన్నదీ వదలాలి, పెద్దదీ వదలాలి. 2018 రెడ్ టైడ్ తర్వాత ఆ తీరంలో చాలా చోట్ల కొన్నాళ్లు స్నూక్, రెడ్‌ఫిష్ ఏవీ ఉంచుకోకూడదని, పట్టి వదిలేయాల్సిందేనని చెప్పారు. మన దగ్గర ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకి వేట నిషేధం ఉంది, కానీ ఒడ్డున రాడ్‌తో పట్టేవాళ్లకి ఇలాంటి కొలత ఎవరూ పెట్టలేదు. అందుకే మనమే పెట్టుకోవాలి. నీళ్లు కోలుకుంటున్నన్ని నెలలూ నేను పండుగప్పని ఏ సైజుదైనా వదిలేస్తాను. కూరకి కావాలంటే జెల్లలు రెండు తెచ్చుకుంటాను.

వదిలే పద్ధతి: చేతులు ముందు తడుపుకోండి. పొడి చేత్తో, తువ్వాలుతో పట్టుకుంటే దాని ఒంటి జిగురు పోయి పుండ్లు పడతాయి. వీలైతే చేపని నీళ్లలోనే ఉంచి, ప్లయర్‌తో గాలం తీయండి. గాలం లోపలికి దిగిపోతే లాగవద్దు, దారం దగ్గరగా కత్తిరించండి. ఫొటో కావాలంటే పది సెకన్లు, కడుపు కింద ఒక చెయ్యి వేసి అడ్డంగా పట్టుకుని. మూతి పట్టుకుని వేలాడదీస్తే పెద్ద చేపకి దవడ, లోపలి అవయవాలు దెబ్బ తింటాయి. తర్వాత పోటుకి ఎదురుగా మూతి ఉండేట్టు నీళ్లలో పట్టుకోండి. తోక కొట్టుకుని అదే మీ చేతిలోంచి వెళ్లే దాకా వదలొద్దు. మూడు చేపల్లో ఒకటి ఇలా తేరుకోవడానికి ఇబ్బంది పడుతుంటే ఆ రోజుకి గాలం చుట్టేయండి, డీవో ఎంత చూపించినా సరే.

తినే విషయం

చురుగ్గా ఉన్న చేపనే ఉంచుకోండి, తేలుతున్నదీ మత్తుగా ఉన్నదీ వద్దు. పేగులు, కార్జం పూర్తిగా తీసేసి కండ మాత్రమే వండండి. విషం చేసే రకాల్లో అది ఎక్కువగా చేరేది లోపలి అవయవాల్లోనే. గుల్లలు, ఆల్చిప్పలు మాత్రం ఆ నెలల్లో ముట్టవద్దు. అవి నీటిని వడకట్టి తింటాయి కాబట్టి విషం పోగుచేసుకుంటాయి, ఎంత ఉడికించినా పోదు. 1997లో కేరళలో విళింజం దగ్గర ఆల్చిప్పలు తిని ఏడుగురు చనిపోయారు. ఫ్లోరిడాలో లీటరుకి 5,000 కణాలు కనిపించగానే గుల్లల వేట ఆపేస్తారు. చేపలు చచ్చే లక్షతో పోల్చి చూడండి, గుల్లల దగ్గర వాళ్లెంత ముందు జాగ్రత్త పడతారో తెలుస్తుంది.

రాసి పెట్టుకోండి

బ్యాగులో ఒక వంద పేజీల నోట్‌బుక్ ఉంచండి. తేదీ, తిథి, పోటు వేళ, డీవో ఎంత, సీసాలో ఏం కనిపించింది, ఏ చేప ఎంత పొడుగుంది, ఎలా వెళ్లిపోయింది. అయిదారు ట్రిప్పులకి పాయ తీరు తెలుస్తుంది. ఏ మూల ముందు తేరుకుంది, ఏ మూల ఇంకా వాసన వస్తోంది అన్నది అందులోంచే చూసి మళ్లీ ఎక్కడ నిలబడాలో నిర్ణయించుకుంటాను. చచ్చిన చేపలు గుట్టలుగా కనిపిస్తే ఫొటో తీసి, చోటు రాసి, అక్కడి మత్స్యశాఖ ఆఫీసులో ఇవ్వండి. తెంపిన దారం ముక్కలన్నీ జేబులో వేసుకుని రండి, బ్రెయిడ్ మడ వేళ్లకి చుట్టుకుంటే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఇంటికొచ్చాక రీలు మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి.