ఉప్పునీటి ఆక్వేరియం, పాఠం 6: ఫ్యాను కింద తగ్గిన నీరు

గత పాఠంలో ఎండాకాలపు వేడికి నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను తిప్పమని చెప్పి, ఆవిరైపోయే నీటి సంగతి ఒక్క వాక్యంతో ముగించాను. అది నా పొరపాటు. పర్లాకిమిడి నుంచి రాసిన పాఠకురాలి ట్యాంకులో ఉష్ణోగ్రత 30 డిగ్రీల నుంచి 27కు దిగింది గాని, పది రోజులకు రొయ్యలు చనిపోయాయి. బరంపురంలో మరొకరి చేపలు మేత ముట్టడం మానేశాయి. ఇద్దరూ ఫ్యానును సరిగానే అమర్చారు; తగ్గిన నీటికి బదులు ఒకరు ఉప్పు కలిపిన నీటిని, మరొకరు గోపాల్‌పూర్ నుంచి తెచ్చిన సముద్రపు నీటిని పోశారు.

ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. లీటరుకు 35 గ్రాముల చొప్పున వంద లీటర్ల ట్యాంకులో మూడున్నర కిలోల ఉప్పు ఉంటుంది. రోజుకు లీటరున్నర ఆవిరై, ఆ లోటును ఉప్పునీటితోనే నింపితే రోజుకు 52 గ్రాముల పైన ఉప్పు కొత్తగా చేరుతుంది; పది రోజులు గడిచేసరికి లీటరుకు 40 గ్రాములవుతుంది. నీటి మట్టం మాత్రం గీత దగ్గరే ఉంటుంది కనుక అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నీరు మార్చడం వేరు, తగ్గిన నీరు నింపడం వేరు. మార్చేటప్పుడు తీసిన నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉప్పునీరే పోయాలి. నింపేటప్పుడు ఉప్పు ఎక్కడికీ పోలేదు కాబట్టి ఉప్పులేని ఆర్వో నీరే పోయాలి. ఆ నీటిని రాగి బిందెలో నిల్వ ఉంచకండి. మనకు మంచిదని తాగే రాగినీరు రొయ్యలకూ పగడాలకూ విషం.

ఇప్పటికే ఉప్పు పెరిగినవారు ఒక్కరోజులో సరిచేయడానికి పూనుకోవద్దు. వంద లీటర్లలో రోజుకు రెండున్నర లీటర్లు తీసి అంతే ఆర్వో నీరు పోస్తే లీటరుకు ఒక గ్రాము తగ్గుతుంది. ఆ వేగం చాలు.

ఇంత తలనొప్పి ఉన్నా ఫ్యానునే ఎందుకు సమర్థిస్తున్నానంటే, లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి, అందులో చాలా భాగం ట్యాంకు నీటి నుంచే పోతుంది; వంద లీటర్ల ఉప్పునీరు ఒక డిగ్రీ చల్లబడటానికి దాదాపు 410 కిలోజౌళ్లు పోతే చాలు. అయితే గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి తగ్గుతుంది. అందుకే రాయగడలో పొడి గాలి వీచే ఏప్రిల్‌లో పనిచేసినంతగా సముద్రపు గాలి తగిలే గోపాల్‌పూర్‌లో ఫ్యాను పనిచేయదు. అలాంటి చోట 25 డిగ్రీల కోసం పాకులాడటం కన్నా 27 దగ్గర నిలకడగా ఉంచడమే నాకు ఇష్టం. పగలూ రాత్రీ మధ్య తేడా ఒక డిగ్రీ దాటకపోవడం ముఖ్యం.

మధ్యాహ్నం కరెంటు పోతే, ముప్పాతిక వంతు నింపి గడ్డకట్టించి మూత బిగించిన సీసాను ట్యాంకులో తేలనివ్వండి. కిలో మంచు కరిగితే వంద లీటర్లు సుమారు ఒక డిగ్రీ చల్లబడతాయి. మంచు ముక్కలను నేరుగా వేయకండి.

కొరాపుట్, జయపురం వైపు చలికాలంలో హీటరు తప్పదు. ఒక వంద వాట్ల హీటరు కన్నా రెండు యాభై వాట్లవి మేలు; ఒకటి ఆగకుండా పనిచేస్తూ చెడిపోయినా ట్యాంకును ఉడికించలేదు. మిగిలిన అమరిక హీటరు పెట్టె మీద రాసే ఉంటుంది.

అభ్యాసం: ఏడు రోజులపాటు తెల్లవారుజామున అయిదింటికీ, పగలు పన్నెండుకూ, మూడింటికీ, రాత్రి పదింటికీ ఉష్ణోగ్రత రాయండి. మొదటి మూడు రోజులు ఫ్యాను లేకుండా, తరువాత నాలుగు రోజులు ఫ్యానుతో ఉంచండి. గాజుపై మార్కరుతో గీత గీసి, గీత దాకా రావడానికి రోజూ ఎన్ని లీటర్ల ఆర్వో నీరు పట్టిందో అదే కాగితంలో నమోదు చేయండి. ఉప్పును మొదటి రోజూ ఏడో రోజూ కొలవండి. రెండు కొలతల మధ్య లీటరుకు ఒక గ్రాము కన్నా ఎక్కువ తేడా వస్తే పాఠం 7 మొదలుపెట్టకుండా ఈ వారాన్ని మళ్లీ చేయండి.