వాల్వు ఐడియా తట్టిందా? ముందు నోరు కట్టేసుకోండి

అనంతపురంలో మాది డీజిల్ పంపుల షాపు. ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల టెస్టింగుకు వచ్చినోళ్లలో అప్పుడప్పుడూ ఒకరు, "అన్నా, నాజిల్ కారకుండా వాల్వు కనిపెట్టినా, పేటెంట్ ఎట్ల చేయాల?" అంటారు. చూపించబోతే వద్దంటా. దరఖాస్తు వేయకముందే కాలేజీ ఎగ్జిబిషన్‌లోనో ఫోన్ వీడియోలోనో బయటపెడితే కొత్తదనం పోయినట్టే. చట్టంలో మినహాయింపులున్నా వాటిని నమ్ముకోకండి.

తర్వాత వెతకండి. గూగుల్ పేటెంట్స్‌లో మాటలతో వెతికితే కుప్పలుగా వచ్చి పడతాయి. పేటెంట్లను విషయాన్ని బట్టి విడగొట్టే క్లాసు కోడు కొట్టండి: ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు ఎఫ్02ఎం, అందులో పంపు వాల్వులు 59/46, ఇంజెక్టర్లు 61. ఇంజిన్ హెడ్డు వాల్వులను ఆడించే ఏర్పాట్లయితే ఎఫ్01ఎల్. మన దేశంవి పేటెంట్ ఆఫీసువాళ్ల వెతుకుడు సైటు ఇన్‌పాస్‌లో దొరుకుతాయి.

దొరికినదాంట్లో బొమ్మ చూసి "నాది వేరేలే" అనుకోకండప్పా. క్లెయిములు, అంటే దేని మీద హక్కు అడుగుతున్నారో చెప్పే వాక్యాలు చదవండి. చేను గురించి ఎంత చెప్పుకున్నా హద్దులు తేల్చేది దస్తావేజే కదా, ఇదీ అంతే.

పంపు నుంచి నాజిల్ పైపుకు దారిచ్చే డెలివరీ వాల్వునే తీసుకోండి. పంపులోని ప్లంజర్ (తోసే కడ్డీ) తోసిన డీజిల్ దాన్ని దాటి పైపులోకి పోతుంది. తోపు ఆగాక వాల్వు సీటు మీద కూర్చునేలోపే దాని కాలర్ (చుట్టూ ఉండే పట్టీ) రంధ్రంలోకి దిగుతుంది. అక్కణ్నుంచి వాల్వు దిగినంత మేరా పైపులో డీజిల్‌కు చోటు పెరుగుతుంది. ఒత్తిడి దభీమని పడి నాజిల్ రంధ్రాన్ని మూసే నీడిల్ టక్కున మూసుకుంటుంది, ఇంక కారదు. ఇది దశాబ్దాలుగా ఉన్నదే. నాజిల్ మూసుకున్నాక వెనక్కొచ్చే ఒత్తిడి అలను అణచే ఏర్పాట్లూ ఉన్నాయి. వీటిలో లేనిది మీదాంట్లో ఏముందో ఒక్క వాక్యంలో రాయండి. అదే మీ మొదటి క్లెయిముకు పునాది. అది కొత్తదైతే చాలదు, నాలాంటి పనోడికి ఇట్టే తట్టేదీ కాకూడదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

దాటితే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు ఆన్‌లైన్లో వేయండి. మన రాష్ట్రం చెన్నై ఆఫీసు కిందికి వస్తుంది. వ్యక్తులకు ఫీజు 1,600 రూపాయలు. అది వేసిన 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరణ పత్రం) ఇవ్వాలి, ఆఫీసువాళ్లు దరఖాస్తును పరీక్షించాలని 31 నెలల్లోపు విడిగా అడగాలి. ఆ గడువులు దాటితే దరఖాస్తు పోతుంది.

క్లెయిములు మాత్రం పేటెంట్ ఏజెంటుతో రాయించండి, ఆ ఖర్చుకు వెనకాడకండి. సీటు కోణం, వాల్వు లిఫ్టు (లేచే ఎత్తు), నాజిల్ ఎన్ని బార్ల ఒత్తిడి దగ్గర తెరుచుకుందో మీరే కొలిచి ఆయన చేతికివ్వండి.