కాలేజీ మీద ఫిర్యాదు: కమిటీ ముందు నిలబడేలా రాయడం ఎలా

కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్. 1926లో పదవి చేపట్టి, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో బ్రిటిష్ సర్కారు అణచివేతకు నిరసనగా రాజీనామా చేశారు. ఆ కుర్చీలో అంత తెగువ అరుదు. అలాంటి పెద్ద మీ యూనివర్సిటీకి దొరికినా దొరక్కపోయినా, ఇవాళ విద్యార్థి చేతిలో ఒక రూలుంది: 2023 ఏప్రిల్‌లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) తెచ్చిన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు. అనుబంధ కాలేజీలకూ ఇవి వర్తిస్తాయి. వీటి కింద ఫిర్యాదు వినేది విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపడం, ఫీజు వాపసు ఇవ్వకపోవడం, స్కాలర్‌షిప్ అందకపోవడం, ఫలితాల జాప్యం, వివక్ష, ఇవన్నీ ఇందులోకి వస్తాయి. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువగా వినిపించేది మొదటిదే: ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదంటూ టీసీ, మార్కుల మెమోలు పట్టుకుని కూర్చోవడం. లైంగిక వేధింపులైతే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి మూడు నెలల్లోపు వెళ్లాలి. ర్యాగింగ్‌కి 1800-180-5522. వాటిని ఇక్కడ కలపొద్దు.

కాగితం ఒక్క పేజీ దాటకూడదు. పేరు, హాల్‌టికెట్ నంబరు, కోర్సు. తర్వాత తేదీల వారీగా ఏం జరిగిందో. చివర ఏం కావాలో ఒక్క వాక్యం: "నా ఒరిజినల్ టీసీ, మార్కుల మెమోలు ఏడు రోజుల్లో ఇప్పించగలరు." ఈ వాక్యం లేని ఫిర్యాదులే ఎక్కువగా "పరిశీలించాం" అన్న జవాబుతో తిరిగొస్తాయి, ఎందుకంటే కమిటీ సిఫార్సు చేయడానికి అందులో ఏమీ ఉండదు. నాలుగు సమస్యలు ఒకే కాగితంలో కుక్కితే, తేలికైనదానికి జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు. ఒక్కోదానికి ఒక్కో ఫిర్యాదు పెట్టండి.

సస్పెన్షన్, సభకు అనుమతి నిరాకరణ లాంటివాటిలో ముందు ఆర్డర్ కాపీ రాతపూర్వకంగా అడగండి. ఏ రూలు కింద చర్య తీసుకున్నారో అందులో లేకపోతే అదే మీ మొదటి పాయింటు. మీ వాదన వినకుండా ఇచ్చిన ఆర్డరైతే రెండోది అది. షోకాజ్ నోటీసుకి నోటిమాటగా జవాబు చెప్పకండి. గదిలో అన్నది రేపు ఎవరికీ గుర్తుండదు.

ఫిర్యాదు రెండు కాపీలు తీసుకెళ్లి, కాగితాలు తీసుకునే ఇన్వర్డ్ సెక్షన్‌లో ఒకటిచ్చి, రెండోదాని మీద సీలు, తేదీ, ఇన్వర్డ్ నంబరు వేయించుకోండి. సీలు వేయబోమంటే అక్కడ వాదించొద్దు, స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు తీసుకోండి. మీ విద్యాసంస్థ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెడితే స్క్రీన్‌షాట్ తీసుకోండి. పోర్టల్ ఫిర్యాదు కమిటీకి చేరడానికే 15 రోజుల గడువుంది. చేరాక నివేదికకు 15 పనిదినాలు. రెండూ కలిపి లెక్కేసుకోండి.

కమిటీలో ప్రొఫెసర్ ఛైర్‌పర్సన్‌గా, నలుగురు ప్రొఫెసర్లు లేదా సీనియర్ అధ్యాపకులు సభ్యులుగా ఉండాలి. ఒక విద్యార్థి ప్రత్యేక ఆహ్వానితుడు. కనీసం ఒక మహిళ, కనీసం ఒక ఎస్సీ, ఎస్టీ లేదా ఓబీసీ వ్యక్తి తప్పనిసరి. ఆహ్వానితుణ్ని వదిలేసి, ఛైర్‌పర్సన్‌తో కలిపి ముగ్గురుంటేనే కోరం, అంటే సమావేశానికి కావాల్సిన కనీస సంఖ్య. విచారణకు వెళ్లినప్పుడు ఎవరెవరు కూర్చున్నారో రాసుకోండి, అప్పీలులో అక్కరకొస్తుంది.

నిర్ణయం నచ్చకపోతే అది అందిన 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కి (కమిటీ నిర్ణయాల మీద అప్పీళ్లు వినే వ్యక్తి) అప్పీలు చేయాలి. చాలామంది ఓడేది ఇక్కడే: మళ్లీ ప్రిన్సిపాల్ చుట్టూ తిరుగుతూ గడువు పోగొట్టుకుంటారు. అంబుడ్స్‌పర్సన్ 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. మార్కులు పెంచమని అడిగితే వినరు. మూల్యాంకనంలో ఫలితాన్ని మార్చేంత అవకతవకో, వివక్షో ప్రత్యేకంగా చూపించాలి. అబద్ధపు ఫిర్యాదని తేలితే మీ మీదే చర్యకు సిఫార్సు చేయొచ్చు, కాబట్టి రుజువున్నదే రాయండి. ఆర్డర్ మీకు అనుకూలంగా వచ్చినా కాలేజీ కదలకపోతే, ఆ కాపీ జతచేసి యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో పెట్టండి.