145 ఎర్రర్‌తో ఆగిపోయిన మైఐసామ్ టేబుల్‌ని బాగుచేయడం

బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో మా బాబాయ్ ఆంధ్రా మెస్ నడుపుతాడు. మొన్నటి వానకి కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంది, బిల్లింగ్ కంప్యూటర్ ఠక్కున ఆగింది. రాత్రి ఫోన్: "ఒరేయ్, బిల్లులు తెరుచుకోవట్లేదురా, క్రాష్ అని ఏదో చూపిస్తోంది."

సమస్య: తెర మీద 145 నంబరు. టేబుల్ క్రాష్ అయింది, రిపేర్ చేయమని అర్థం. 126 అయితే ఇండెక్స్ ఫైలు, 127 అయితే డేటా ఫైలు పాడైనట్టు. 144 అంటే ఇంతకుముందు చేసిన రిపేర్ కూడా ఫెయిలైందని.

కారణం: పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని ఇంకా మైఐసామ్ టేబుల్స్ మీదే నడుస్తున్నాయి, అంటే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోని పాత రకం టేబుల్స్. డేటా ఎంవైడీ ఫైల్లో, ఇండెక్స్ (డేటాని త్వరగా వెతకడానికి వాడే పట్టిక) ఎంవైఐ ఫైల్లో ఉంటాయి. మైఎస్‌క్యూఎల్‌లోనే ఇంకో రకమైన ఇన్నోడీబీ టేబుల్స్‌కి ఉన్నట్టు, మార్పులు ముందే రాసిపెట్టుకునే లాగ్ వీటికి లేదు, కాబట్టి రాస్తుండగా కరెంటు పోతే పని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, రెండు ఫైళ్లకీ పొంతన ఉండదు.

పరిష్కారం: మైఎస్‌క్యూఎల్ సర్వర్ ఆపండి. ఆ టేబుల్ ఫైళ్లన్నీ వేరే ఫోల్డర్లోకి కాపీ చేయండి, ఇది మాత్రం దయచేసి వదలకండి, రిపేర్ మధ్యలో చెడితే మీ చేతిలో మిగిలేది ఆ కాపీయే. తర్వాత మైఐసామ్‌చెక్ (myisamchk) అనే రిపేర్ కమాండ్‌ని మైనస్ సి (-c) తో నడిపితే ఏమీ మార్చకుండా తప్పులు చూపిస్తుంది. రిపేర్‌కి ముందు మైనస్ ఆర్ (-r), మైనస్ క్యూ (-q) కలిపి ఇవ్వండి, డేటా జోలికి పోకుండా ఇండెక్స్ మాత్రమే కడుతుంది. కుదరకపోతే మైనస్ ఆర్ ఒక్కటే, అదీ కాకపోతే మైనస్ ఓ (-o), నిదానంగా నడుస్తుంది గానీ ఆర్ వల్ల కానివి కొన్ని దీనితో అవుతాయి. పాత టీఎండీ ఫైలు (రిపేర్ చేసేటప్పుడు తయారయ్యే తాత్కాలిక ఫైలు) అడ్డొస్తే మైనస్ ఎఫ్ (-f) కలపండి.

సర్వర్ ఆపడం కుదరదంటే మైఐసామ్‌చెక్ ముట్టుకోవద్దు, సర్వర్ నడుస్తుండగానే పనిచేసే మైఎస్‌క్యూఎల్‌చెక్ (mysqlcheck) వాడండి. అందులోనూ రిపేర్ అంటే మైనస్ ఆరే, కానీ మైనస్ ఓ అంటే అక్కడ ఆప్టిమైజ్! చాలామంది పొరబడేది ఇక్కడే.

లినక్స్‌లో మైఐసామ్‌చెక్‌ని రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) నడిపితే ఫైళ్ల ఓనర్ మారిపోయి సర్వర్‌కి అవి తెరుచుకోకపోవచ్చు, ఓనర్‌ని మళ్లీ మైఎస్‌క్యూఎల్ యూజర్‌కి మార్చండి. టేబుల్ ఇన్నోడీబీ అయితే ఈ రిపేర్లేవీ పనిచేయవు.

బాబాయ్ టేబుల్ మైనస్ ఆర్‌తో తెరుచుకుంది. బిల్లు పుస్తకంలోని కార్బన్ కాపీలతో సరిచూస్తే చివరి రెండు బిల్లులు లేవు, వాటిని చేత్తో ఎక్కించాం.